మా సర్వర్‌లో ఎవరూ పెట్టని సమాధి రాయి

దెయ్యాల కబుర్లు వింటే నాకు భయం కంటే చిరాకే ఎక్కువ. బొబ్బిలిలో మాది మిషన్ చర్చి వీధి. పెరటి గోడ దాటితే సమాధుల తోట. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడింది అందులోనే. పైగా నేను చదివింది కంప్యూటర్లు. ఏది చెడినా దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అనుకునే మనిషిని. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ఒకప్పుడు నేనూ నవ్వేదాన్నే.

నెట్ చవగ్గా దొరకడం మొదలైన కొత్తలో సంగతి ఇది. దిమ్మెలు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే ఆట ఒకటి ఆడేవాళ్లం. ఎవరి ఇంట్లో వాళ్లుండి కలిసి ఆడాలంటే ఒక కంప్యూటర్ సర్వర్‌గా నడుస్తూ ఉండాలి. మా ముందుగదిలో పాత కంప్యూటర్‌ని దానికి కేటాయించాను. ఆడేది నేను, గజపతినగరంలో ఉండే మా మేనత్త కొడుకు రవి బావ, నా కాలేజీ స్నేహితురాళ్లిద్దరు. ఆటకి కొత్త హంగులు చేర్చే మోడ్లు, బయటివాళ్లు రాసినవి, బోలెడు తగిలించాం. వాటిలో ఒకటి సమాధుల మోడ్. ఆటలో ఎవరైనా చచ్చిపోతే అక్కడ వాళ్ల పేరుతో ఒక రాయి లేస్తుంది.

నాన్న పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అందుకేనేమో ఆటలో మా వీధినే కట్టాను. మా ఇల్లు, చర్చి, వెనక సమాధుల తోట, అందులో నాన్న సమాధి. అసలు తోటలో దాని పక్కన అమ్మ కోసం ఉంచిన జాగా ఉంది. ఇక్కడా అలాగే ఖాళీగా వదిలాను.

కొన్నాళ్లకి సర్వర్ కూలిపోవడం మొదలైంది. ఆ తోట దగ్గరికి ఎవరు వెళ్లినా అందరికీ ఆట ఆగిపోయేది. మెమరీ పెంచాను, మోడ్లన్నీ అప్‌డేట్ చేశాను. లాభం లేకపోయింది. సగం మోడ్లు తీసి చూడడం, మిగిలినవాటిలో మళ్లీ సగం తీసి చూడడం, ఇలా వడగట్టుకుంటూ వస్తే తప్పు సమాధుల మోడ్ దగ్గర తేలింది.

కూలినప్పుడల్లా సర్వర్ ఒక రిపోర్టు రాసి పెడుతుంది. తోటలో సిలకమ్మ అనే పేరుతో ఒక రాయి ఉందట. ఆ పేరుగలవాళ్లెవరూ మా సర్వర్‌లో ఎన్నడూ చేరలేదు. లేని మనిషి కోసం వెతకబోయి సర్వర్ పడిపోతోంది. రాయి ఉన్నది నాన్న పక్కన, నేను వదిలిన ఖాళీ జాగాలో.

బావ వేళాకోళం అనుకుని ఫోన్ చేసి దులిపేశాను.

"నాను సెయ్యలేదే. ఒట్టు. ఆ సిలకమ్మ ఎవులో నాకేటి తెలుసు?" అన్నాడు. ఆ గొంతు విన్నాక నమ్మక తప్పలేదు.

బయటివాళ్లెవరో దూరారని పాస్‌వర్డ్లు మార్చాను. మా నలుగురికి తప్ప ఎవరికీ ప్రవేశం లేకుండా కట్టడి చేశాను. సర్వర్ ఆపి, మ్యాప్‌లోంచి ఆ రాయిని తీసేశాను. మళ్లీ ఆన్ చేసి మ్యాప్ చూస్తే రాయి అక్కడే ఉంది. ఇలా కాదని, వీధి కట్టక ముందు దాచిన బ్యాకప్ పెట్టాను. దాని మ్యాప్‌లో చర్చి లేదు, నాన్న సమాధీ లేదు. ఉత్త గడ్డి నేల. ఆ గడ్డిలో రాయి ఒక్కటే నిలబడి ఉంది.

బావకి ఫోన్ చేసి, "పాతదాంట్లో కూడా సిలకమ్మ ఉంది బావా" అన్నాను.

వంటింట్లో ఉన్న అమ్మ గుమ్మం దాకా వచ్చింది. "ఒసే, ఆ పేరు నీకెవులు సెప్పినారే?"

అమ్మ పుట్టిల్లు రామతీర్థం దగ్గర. వరి పండించుకునే హిందువుల ఇల్లు. అక్కడ ఆమె సూర్యకాంతం. పెళ్లికి ముందు బాప్తీస్మం తీసుకుని మేరీ అయింది. నాకు తెలిసినవి ఆ రెండు పేర్లే.

"నన్నలాగ మాయమ్మొక్కర్తే పిలిసీది. మీ నాన్నకి గూడా సెప్పలేదు" అంది. వాళ్లమ్మ ఈమె చిన్నతనంలోనే పోయింది.

రాయి ఎక్కడుందో అమ్మకి చెప్పలేదు. వంక పెట్టి మర్నాడే విజయనగరం తీసుకెళ్లి పరీక్షలన్నీ చేయించాను. దేనికిరా దేవుడా ఈ సూదులని దారంతా సణిగింది. ఏ జబ్బూ లేదన్నారు. ఇంటికొచ్చి సమాధుల మోడ్ మొత్తం పీకేశాను. మోడ్ పోతే దాని రాళ్లూ పోతాయి. పోయాయి. సర్వర్ మళ్లీ కూలలేదు. అయినా దాన్ని ఆపేసి వైర్లు ఊడదీసేదాకా నాకు ఊపిరాడలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను ముందుగదిలో బట్టలు మడత పెడుతున్నాను. ఇంట్లో మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. నేనేమీ మాట్లాడలేదు. వంటింట్లోంచి అమ్మ, "వస్తన్నానమ్మా, ఉండు" అంది. నన్నెప్పుడూ ఒసే అనడమే తప్ప అమ్మా అనే అలవాటు ఆవిడకి లేదు.

వెళ్లి చూస్తే చేతులు కొంగుకి తుడుచుకుంటూ పెరటి తలుపు వైపు నడుస్తోంది. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

అమ్మ ఇప్పటికీ బాగానే ఉంది. ఆ రాయి ఎలా వచ్చిందో, తోటే లేని బ్యాకప్‌లోకి ఎలా చేరిందో నాకు తెలియదు. ఆ రోజు ఎవరు పిలిచారని అమ్మని ఇంతవరకూ అడగలేదు. చెబుతుందేమోనని నా భయం.