షామీర్‌పేట పుస్తకాల సంచి

జహేదా చేతులు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాయి. కాయలు షామీర్‌పేటలో బట్టలు కుట్టే పద్మలతవి, కూర కూడా ఆమె ఇంటిదే. జహేదాకు కావలసింది వేళ్లకు పని. ఎదుటివాళ్లు ఫోనులో తడబడితే ఆమె చూపుడువేలు దానంతటదే ముందుకుపోయి ఇక్కడ నొక్కమని చూపిస్తుంది. చూపిస్తే, తన పేజీ ఎవరికైనా అర్థమవుతుందా అని పెట్టుకున్న పరీక్ష చెడినట్టే.

మేడ్చల్‌లోని ఒక చిన్న గ్రంథాలయంలో ఆమె పుస్తకాలకు అట్టలు వేస్తుంది. వెబ్‌సైటు పని వీడియోలు చూసి, చెడగొట్టి, బాగుచేసి నేర్చుకుంది. ఇంటి నుంచే పుస్తకం అడిగే పేజీ ఆమె చేతిపనే. అడిగిన పుస్తకాలు శనివారం సంచిలో బస్సెక్కి షామీర్‌పేటకు రావాలి. పేజీ పెట్టి, దాని లింకును ఇక్కడి ఆడవాళ్లకు తన ఫోను నుంచే పంపి నెల దాటినా ఒక్కరూ అడగలేదు. ఇట్లాగే ఉంటే సంచి ఆపేద్దామన్నాడు గ్రంథాలయం చూసుకునే శంకరయ్య. ఆపితే ఇక్కడి ఆడవాళ్లు పని మానుకుని పుస్తకం కోసం మేడ్చల్ దాకా రారు. అందుకే జహేదా తానే వచ్చి, పద్మలత కుట్టుమిషను పక్కన కూర్చుంది. నచ్చిన పుస్తకం అడుగు, నేను లేననుకో అని చెప్పింది.

పద్మలత పేజీ తెరిచింది. కథల పుస్తకమొకటి దొరికింది. అట్ట బొమ్మ పెద్దది చేసి చూసింది. ఇక బటన్ నొక్కడమే మిగిలింది. వేలు దాని మీదుగా జారిపోయింది. ఫోను పక్కన పెట్టి కత్తెర అందుకుంది. జహేదా ఈనెతో పాటు కాయను కూడా తుంచేసింది. అంతలో తన ఫోను టింగుమంది.

"అయిపాయె అక్కా. స్క్రీన్ ఫొటో తీసి నీకే పంపిన."

"కింద బటనున్నది, జూడలేదా?"

"జూసిన. 'అభ్యర్థన సమర్పించండి' అని ఉన్నది. కథల బుక్కుకు దరఖాస్తు ఎవలు పెడ్తరక్కా? మేమంతా నెలసంది ఫొటోలే పంపుతున్నం. నువ్వు అన్నిటికి బొటనవేలు పెడ్తివి. బుక్కులు అస్తయనుకున్నం. రాకపాయె. మేడ్చలోళ్లు మెల్లగ సదువుతరేమో అని ఊకున్నం."

జహేదా ఫోనులో పాత సందేశాలు తిరగేసింది. అన్నీ అట్టల బొమ్మలే. పుస్తకం బాగుందని చెబుతున్నారనుకుని ప్రతిదానికీ బొటనవేలు గుర్తు పెట్టి మురిసిపోయింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

ఆ సాయంత్రమే జహేదా పేజీలోని పాత బటన్ తీసేసింది. ప్రతి అట్ట కింద 'ఈ పుస్తకం కావాలె' అని పెట్టింది. నొక్కితే బొమ్మతో సహా గ్రంథాలయం వాట్సాప్‌కు చేరుతుంది; శనివారం సంచిలో వస్తుందని జవాబు కూడా వెళుతుంది. మర్నాడు మళ్లీ వచ్చి, జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన దుర్గాబాయి చేతిలో ఫోను పెట్టింది. ఆమె చటుక్కున నొక్కి, ఇంతేనా అన్నట్టు చూసింది. ఆ చూపు జహేదాకు ఏ మెచ్చుకోలు కన్నా ఎక్కువ నచ్చింది.

శనివారం శంకరయ్య ఫోను చూసుకుంటూ అడిగిన పుస్తకాలు ఒక్కొక్కటే తీశాడు. సంచి మూతి బిగించడానికి మోకాలితో అదమాల్సి వచ్చింది.

"ఇంకో సంచి కుట్టియ్యాలె బిడ్డా" అన్నాడు.

ఇక పేజీ కూడా ఆయనే చూసుకునేలా జహేదా దాని పాస్‌వర్డు అప్పజెప్పి, సంచి భుజానికెత్తుకుని డిపోకు నడిచింది. షామీర్‌పేట బస్సు కదలబోతుండగా సంచిని కండక్టరు చేతికి అందించింది.