నాలుగు ముళ్ల కాయిలు

మా ల్యాబన్న పోయాడని నిన్న ఫోన్ వచ్చింది. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. తిరుపతిలో మేం అద్దెకున్న కాంపౌండులో మా పక్క వాటా ఆయనది. ల్యాబులో ఆయన నోరెత్తడానికి లేదు. అక్కడ తలుపు దగ్గర నిలబడి విన్న పాఠమంతా సాయంత్రం మాకు చెప్పేవాడు, మేం అడిగినా అడగకపోయినా.

తొంభైల్లో మాట. గ్యాసుకు పేరు రాయించి, నంబరు వచ్చేదాకా కరెంటు పొయ్యితో నెట్టుకొస్తున్నాను. పొయ్యిలో ఎర్రగా కాలే చుట్టల తీగ, అదే కాయిలు, తెగినప్పుడల్లా కాలిన ముక్క తీసేసి ముడేసేదాన్ని. విచిత్రం, తెగినకొద్దీ పాలు తొందరగా పొంగేవి! నా చేతి మహిమని కాంపౌండంతా గొప్పలు చెప్పుకున్నాను. నాలుగో ముడి పడిన వారంలోనే మీటరు దగ్గర ఫీజు మూడుసార్లు పోయి, కాంపౌండంతా చీకటైంది.

ఓనరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అంతా నీ పొయ్యి వల్లనేమ్మా. ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యి. అందాకా ఫీజులో లావు తీగ ఏస్తా."

పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోను?

ల్యాబన్న బనీనుతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏయొద్దప్పా! లావు తీగేస్తే ఫీజు బతుకుతాది, గోడలో తీగలు కాలిపోతాయి!"

అంగడి నుంచి కొత్త కాయిలు తెచ్చి, నా కాయిలు ఊడదీసి, రెంటినీ వాకిట్లో పరిచాడు. చుట్లు లెక్కపెట్టమన్నాడు. కాంపౌండంతా గొంతెత్తి లెక్క! రెండుసార్లు తప్పి మళ్లీ మొదలుపెట్టాం. నా కాయిలుకు ముప్పావు వంతు చుట్లు కూడా లేవు.

"సూసినావామ్మా? తీగకి రెండే గుణాలు. పొడుగైతే కరెంటుకి అడ్డం పడతాది, లావైతే దారిస్తాది. నువ్వు తెంపి తెంపి అడ్డం తీసేసినావు, కరెంటు ఎగబడి వస్తా ఉండాది. నీ చేతిలో మహిమా లేదు, పాడూ లేదు."

అందరూ నవ్వారు. సిగ్గేసింది గానీ, అంతకంటే సంబరం! నా మొద్దు బుర్రలోకి సైన్సు దూరింది మరి.

కొత్త కాయిలు వేసి, ఫీజులో పాత సన్నతీగే పెట్టి స్విచ్చి వేశాం. అందరి కళ్లూ ఫీజు మీదే. కాయిలు మెల్లగా ఎర్రబడింది. పాలు తీరిగ్గా పొంగాయి. ఫీజు నిలిచింది! నేను చప్పట్లు కొట్టాను.

"ఉండులేమ్మా," అన్నాడు ఓనరు. "ఇంకోసారి ముడెయ్యాకు."

ఈరోజు, ఇప్పుడు మేముంటున్న పాకాల నుంచి మొదటి బస్సుకే తిరుపతి వెళ్లాను, వాళ్లింటికి అన్నం క్యారియరు పట్టుకుని. వంటింటి గోడకు మేకు, దానికి నా పాత కాయిలు. వదిన కళ్లు తుడుచుకుంది.

"ఎవరొచ్చినా చూపించేటోడు. 'ఇది నా క్లాసుకొచ్చిన మొదటి స్టూడెంటుది' అనేటోడు."

దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు ముళ్లూ నావే. ఒకటి, రెండు, మూడు... చుట్లు గట్టిగానే లెక్కపెట్టసాగాను.