ఒకటీ యాభై రెండుకు వచ్చిన చుక్క

కర్నూలు నుంచి పనిమీద కోనసీమ వెళ్లి, అమలాపురంలో రాజోలు బస్సెక్కాను. చేతిలో ఒక సోషల్ మీడియా కంపెనీ ఎలా ఎదిగిందో చెప్పే పుస్తకం ఉంది. మనం ఫోన్ తెరవగానే అవతలివారికి కనిపించే ఆకుపచ్చ చుక్క గురించి చదువుతున్నాను. జనం ఫోన్ వదలకుండా ఉండాలనే దాన్ని పెట్టారట.

పక్క సీట్లో నలభై ఏళ్లావిడ, ఒడిలో క్యారేజీతో, ఫోన్ చూసుకుంటోంది. "ఏం పుస్తకమండీ బాబాయిగారూ?" అని అడిగింది. చుక్క సంగతి చెప్పాను.

"ఆయ్! ఎందుకు పెట్టేరో గానీ మాకు మంచిదే అయిందండి. మా చెల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తదండి. పగలు మాట్లాడనివ్వరు. మన ఒంటిగంటకి ఒక్కసారి ఫోన్ తెరుస్తది. చుక్క వెలిగితే కులాసాగా ఉన్నట్టండి. ఇయ్యాల ఇంకా రాలేదు."

నా గడియారంలో ఒకటీ నలభై. "అన్నం చల్లారిపోతుంది, తినమ్మా" అన్నాను.

"అది కనపడకుండా ముద్దెలా దిగుద్దండీ?"

పుస్తకం మూసేశాను. ఇద్దరం ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాం. తాటిపాక దగ్గర చుక్క వెలిగింది, కాసేపటికే ఆరిపోయింది. ఆవిడ మెసేజీ ఏమీ పంపలేదు. ఫోన్ సంచిలో పడేసి, క్యారేజీ విప్పి, మూతలో పులిహోర పెట్టి ముందు నాకిచ్చింది.

"తినండి బాబాయిగారూ. మీరూ కాసుక్కూచున్నారు కదా!"

చదివిన పేజీలెన్నో రోజూ డైరీలో రాసుకుంటాను. ఆ రోజు మాత్రం ఇంతే ఉంది: 'ఒకటీ యాభై రెండు. చుక్క వచ్చింది. భోంచేశాం.'