సగటు మనిషితో బాబాయి వైరం

బాబాయికి లోకంలో ఒక్కడే శత్రువు. వాడి పేరు సగటు మనిషి.

బాబాయి లెక్కల మాస్టారు. జనాభా సర్వేల వివరాలు ఎవరైనా చూసుకోవచ్చని తెలిసిన నాటినుంచి కంప్యూటరు ముందునుంచి లేవడం మానేశారు. పేపర్లో "సగటు కుటుంబంలో నాలుగున్నర మంది" అని పడిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ శాంతి ఉండదు.

"ఆ అరమనిషి ఎక్కడ కూర్చుని తింటాడే?"

"మనింట్లో అయితే కంప్యూటరు ముందే," అనేది పిన్ని.

"సగటు సైజులో కుట్టేస్తా సార్" అని నోరుజారిన దర్జీకి గంటసేపు పాఠం పడింది. పొట్టివాళ్లెందరు, పొడుగువాళ్లెందరు, నడుమ గుమిగూడినవాళ్లెందరు... చివరికి దర్జీ దండం పెట్టి, "మీ కొలతలు మూడుసార్లు తీసుకుంటాను, నన్నొదిలెయ్యండి సార్" అన్నాడు.

ఆయన అన్నకూతురు అమ్మడికి ఇదంతా నవ్వులాటగానే ఉండేది, తన కూతురికి మాటలు ఆలస్యమయ్యేదాకా. రెండేళ్లు నిండినా చిట్టి నోరు విప్పలేదు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. అత్తగారి నోటికే మందు లేకపోయింది.

"పిల్లలు సగటున ఏడాదికే మాట్లాడతారు. తల్లి పుస్తకంలోంచి తలెత్తి పలకరిస్తే కదా!"

నిజంగా తన తప్పేనేమోనని అమ్మడు లోలోపల కుమిలిపోయేది.

ఓ ఆదివారం ఆ మాట బాబాయి చెవిన పడింది. "అయిపోయింది, ఆవిడ సగటు అనేశారు!" అని పిన్ని గొణిగింది.

మరుసటి ఆదివారం బాబాయి పిన్నిని వెంటబెట్టుకుని, చంకలో చుట్టిన పెద్ద కాగితంతో అమ్మడింట్లో దిగి, దాన్ని గోడకి అంటించారు. పిల్లల సర్వేలోంచి తొలిమాట వయసులు తీసి, ఏ వయసుకి ఎందరో చూపుతూ గీసిన నిలువు కడ్డీలు. అవి మధ్యలో కొండలా లేచి, కుడివైపు తోకలా సాగాయి.

"మన చిట్టి ఇక్కడుంది వదినగారూ," అంటూ తోకమీద వేలు పెట్టారు. "ఊరంత మంది ఉన్నారు తోడు. వీళ్ల తల్లులందరూ పుస్తకాల పురుగులేనంటారా?"

"అది కాదన్నయ్యగారూ..."

"మీ అబ్బాయి ఎప్పుడు మాట్లాడాడేమిటి?"

అత్తగారు చీరచెంగు సర్దుకున్నారు. "వాడా... వాడు కాస్త నెమ్మది." వేలు పెట్టి చూపించమంటే చిట్టికన్నా ఇంకా చివర పెట్టారు. అమ్మడి భర్త పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడుతున్నాడు లెండి," అంది పిన్ని. అందరికన్నా ముందు అత్తగారే ఫక్కున నవ్వారు.

వంటింట్లో పిన్ని గొంతు తగ్గించింది. "ఎవరైనా 'నాకే ఎందుకిలా' అంటే చాలు, ఈయన వాళ్లకి తోడు వెతకడం మొదలెడతారే. మాకు పిల్లల్లేరని నలుగురూ అన్నప్పుడు మొదట వెతికింది నాకోసమే. లక్షమందిని చూపించారు. వాళ్లందరికీ టీ పెట్టమనలేదు, అదే సంతోషం!"

అమ్మడు నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. బాబాయికి ఏదో చెప్పాలని ముందుగదిలోకి వచ్చేసరికి, చిట్టి కడ్డీలన్నీ దాటిన ఖాళీజాగాలో ఎర్ర రంగుపెన్సిలుతో లావుపాటి చుక్క పెట్టేసింది.

"అయ్యో, పాడుచేసేసింది బాబాయ్! చెరిపేస్తానుండండి."

"ఆగు! దూరంగా ఉన్నంతమాత్రాన చెరిపేస్తామా?"

ఆయన కళ్లజోడు సర్దుకుని, చిట్టి చేతిలోంచి పెన్సిలు మర్యాదగా అడిగి తీసుకుని, ఆ చుక్క పక్కనే ఇంకో చుక్క పెట్టారు.