ఫ్లాపీకి ఆయుధపూజ

మా చిన్నప్పుడు... చెప్పులు బయట విప్పి, కాళ్లు తుడుచుకుని మరీ కంప్యూటర్ గదిలోకి వెళ్లేవాళ్లం. ఉప్పల్‌లోని మా బడికి కొత్తగా కంప్యూటర్లు వచ్చిన రోజులు. ఆ గదికి కర్టెన్లు, ఏసీ... హెడ్మాస్టరు గదికి కూడా లేని వైభోగం!

అప్పుడు నాది ఎనిమిదో తరగతి. కంప్యూటర్ సారు బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్పేవారు. ప్రతి వరుసకూ ఓ నంబరు... పది, ఇరవై, ముప్ఫై. ఏదైనా మరిచిపోతే మధ్యలో దూర్చడానికి చోటుండాలని అలా వదిలేవాళ్లం. కుస్తీ పట్టి పట్టి నేనూ ఓ ఆట చేశాను. పైనుంచి మామిడికాయ పడుతుంది... అంటే ఇంగ్లిష్ 'ఓ' అక్షరం. కింద గంప... అంటే 'యు'. రెండు మీటలతో గంపను అటూ ఇటూ జరిపి కాయను పట్టాలి. అంతే!

దసరా సెలవులయ్యాక, బడి తెరిచిన రోజే ఇంట్లోవాళ్లను పిలిచి మా ఆటలు చూపిస్తామన్నారు. మా నానమ్మకు చూపించాలని నాకు ఒకటే ఆరాటం. బడిలో ఉంటే ఎవరైనా చెరిపేస్తారేమోనని, ఆట ఎక్కించిన పల్చటి ఫ్లాపీ డిస్కును నాచారంలోని మా ఇంటికి తెచ్చుకుని బీరువాలో దాచాను. ఇంకో కాపీ పెట్టుకోవాలన్న తెలివి ఎక్కడిది!

మా నాన్న మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవారు. ఆయుధపూజ రోజు ఆయన పానాలు, సుత్తి, స్కూటరు, అమ్మ కుట్టుమిషను... అన్నిటికీ పసుపూ కుంకుమా. ఆ వరుస చివర చూస్తే... నా ఫ్లాపీ! కవరు తీసి, ఆట దాగుండే లోపలి నల్ల రేకు కనిపించే ఆ సందులోనే నిండుగా బొట్టు!

నేను గొల్లుమన్నాను. నానమ్మ బిత్తరపోయింది.

"అందరి సామాన్లకు వెట్టి నీదొక్కటి ఇడిసిపెడ్తనా బిడ్డా? నల్లగ మెరుస్తుంటె ఆడ్నే వెట్టిన... బొట్టు వెడితె గూడ ఖరాబైతదా?"

నాన్న తడిగుడ్డతో తుడిచేసరికి మిగిలిందీ పోయింది.

బడి తెరిచాక సారు ఆ ఫ్లాపీని చూసి పడీపడీ నవ్వారు. "దీన్ని మిషన్ల పెడ్తే మిషనే ఖరాబైతది. మధ్యాహ్నం దాంక టైమున్నది, యాదికున్నంత కొట్టు" అన్నారు. కళ్లు తుడుచుకుంటూ మొదలుపెట్టాను. అందరూ లోపలికి వస్తుంటే ఆఖరి వరుస కొట్టి ఆట నడిపాను.

తీరా చూస్తే... కాయ కిందికి దిగేటప్పుడు వెనకదాన్ని చెరిపే వరుస మరిచిపోయాను. తెర నిండా పైనుంచి కిందికి కాయలే కాయలు!

అప్పటికే నానమ్మ వెనక నిలబడి ఉంది.

"అబ్బో... చెట్టు మస్తు కాసింది గదనే! ఇదంత నువ్వే జేసినవా?"

గది గదంతా నవ్వులు. నేనూ నవ్వేశాను. నానమ్మ కుర్చీలో కూర్చుని, ఒక్కో మీటా నొక్కుతూ, కాయ గంపలో పడ్డప్పుడల్లా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత నా ఆట దగ్గర కట్టిన లైను ఎంతకీ తరగలేదు. ఇంటికి వెళ్తూ నానమ్మ బస్సులో పక్కన కూర్చున్న వాళ్లందరికీ "మా మనుమరాలు ఆట జేసింది" అని చెబుతూనే ఉంది. నాకు సిగ్గూ, బోలెడంత గర్వం...

ఇప్పుడు ఫోన్ల నిండా ఆటలే. పిల్లలు కాసేపు ఆడి తీసేస్తారు... అది ఎవరు చేశారో అడిగేవాళ్లే లేరు. "నువ్వే జేసినవా?" అని నానమ్మ అడిగినట్టు మళ్లీ నన్నెవరూ అడగలేదు.

మీ చేత్తో మీరు చేసిన మొట్టమొదటి వస్తువును ఎవరికి చూపించారు... వాళ్లేమన్నారు?