స్పైరల్ బైండింగ్ వేయించిన వెబ్‌సైట్

తెలివితక్కువతనం ఎంత బరువుంటుందో నన్నడగండి. తార్నాక సెంటర్ నుంచి మా ఇంటిదాకా దాన్ని రెండు సంచుల్లో మోసినవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం రోజులు. యూనివర్సిటీలో నాకూ యాదగిరికీ కలిపి ఒకే ఎమ్‌సీఏ ప్రాజెక్టు. పదిరోజుల్లో చూపించకపోతే ఇద్దరి డిగ్రీలూ ఆగిపోతాయి. మేం ఎంచుకున్న ఫ్రేమ్‌వర్క్ కొత్తది. ఫ్రేమ్‌వర్క్ అంటే ఎవరో వేసిపెట్టిన పునాది. దానిమీద గోడలెలా లేపాలో చెప్పేది డాక్యుమెంటేషన్.

"నువ్వు చదువు, నేను ధర్నాల కూసుంట. వచ్చినంక చెప్దువుగాని," అన్నాడు యాదగిరి. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి, ఈ పని పంపకం ఇద్దరికీ న్యాయంగానే తోచింది.

మర్నాటి నుంచి బంద్. ఇంట్లో కంప్యూటరుంది, నెట్ లేదు. స్పైరల్ వేయించనిది మా క్యాంపస్‌లో చదువు కిందే లెక్కరాదు. నేరుగా తార్నాకలో మొయిన్ భాయ్ నెట్ సెంటరుకెళ్లి, ఆ వెబ్‌సైట్ తెరిచి, మొత్తం ప్రింట్ తీయమన్నాను.

"వెబ్‌సైట్ ఎవరన్న ప్రింట్ తీపిస్తరా?"

"బంద్‌లో చదువుకోవాలి భాయ్."

"ఏమొస్తున్నదో ఒక్కసారి చూస్కోరాదు."

"ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకుంటాను," అన్నాను. ధీమా చూశారా. వచ్చిన కాగితాలన్నిటికీ రెండు లావుపాటి సంపుటాలుగా స్పైరల్ బైండింగ్ వేయించి ఇంటికి మోసుకొచ్చాను.

బంద్ మొదటిరోజు మొదటి సంపుటం తెరిచాను. ప్రతి పేజీలో ఒక శీర్షిక, దానికింద ఒకటే వాక్యం: వివరాలకు ఇక్కడ నొక్కండి. మీ దగ్గర దాపరికమెందుకు, ఒకసారి వేలితో నొక్కి చూశాను కూడా.

నాలుగోరోజు యాదగిరి నినాదాలకు గొంతు పోగొట్టుకుని సీతాఫల్‌మండి మీదుగా నడిచొచ్చాడు.

"ఎంతదాక చదివినవ్?"

"రెండు సంపుటాలూ అయిపోయాయి."

"ఏమున్నది అండ్ల?"

"ఇక్కడ నొక్కమంటున్నాడు."

వాడు నవ్వలేదు. రెండూ తిరగేసి నావంక చూశాడు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. తన డిగ్రీని కూడా నన్ను నమ్మే వదిలి వెళ్లాడు కదా.

తర్వాత నా కంప్యూటర్ ముందు కూర్చుని, ఫ్రేమ్‌వర్క్ ఫోల్డర్ తెరిచాడు. అందులో ఇంకో ఫోల్డర్. డాక్యుమెంటేషన్ మొత్తం అందులోనే ఉంది, ఉదాహరణలతో సహా, నెట్ లేకపోయినా తెరుచుకునేలా.

"నెల సంది నీ ఇంట్లనే ఉన్నది కదరా."

"ఫ్రీగా వచ్చింది కదా, పనికిరానిదనుకున్నా."

మిగిలిన ఆరు రోజులూ దాని ముందే కూర్చుని చదివి, ప్రాజెక్టు ఎలాగో గట్టెక్కించాం.

చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినవాళ్ల గురించి విన్నాం. నేను సంతంతా వెతకడమే కాదు, ఆ సంతకు బైండింగ్ కూడా వేయించాను. అందుచేత, ఏ విద్య కోసమైనా గడప దాటేముందు ఇల్లంతా వెతుకుతానని యాదగిరికి ప్రమాణపత్రం రాసిచ్చాను. జిరాక్స్ మాత్రం తీయించలేదు.