పదడుగుల దూరానికి రిజిస్టర్డ్ పోస్టు

ఆంబ్రోస్ బాబాయి ఫిర్యాదు రాయకుండా ఒక్కరోజు కూడా ఉండలేడు. కొందరికి చుట్ట కావాలి, కొందరికి పేకముక్కలు కావాలి, ఈయనకి కార్బన్ పేపరు కావాలి. గాలి ఎక్కువైతే వాతావరణం ఆఫీసుకి రాస్తాడు, తగ్గినా రాస్తాడు. చర్చి గంట రెండు నిమిషాలు ఆలస్యంగా మోగిందని ఒకసారి బిషప్పుగారికి రాశాడు. ఆ గంట కొట్టేది ఈయనే.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరంలో మా రేవు అరవై గడపల ఊరు. వయసులో పెద్దయితే చాలు, అందరికీ బాబాయే. ఆయన ఇల్లు మా ఇంటికి సరిగ్గా ఎదురు, మధ్యలో పదడుగుల దారి. మా మీద రాసిన ఫిర్యాదు ఆ దారి దాటి తలుపు సందులో పడేస్తే సరిపోదూ? ఊహూ. మైలు దూరం నడిచి పోస్టాఫీసుకెళ్లి రిజిస్టర్డ్ పోస్టు చేసేవాడు. పోస్టుమాస్టరు ఎఫీ కబురు పెడితే నేను మళ్లీ ఆ మైలూ నడిచి, సంతకం పెట్టి తెచ్చుకోవాలి.

"బాబాయ్, చెయ్యి చాపితే మా తలుపు తగులుతుంది కదా! ఎందుకీ అవస్థ?"

"నోటిమాట గాలికి పోతుందమ్మాయ్. ముద్ర పడ్డ కాగితం పోదు."

"నా కాళ్లు పోతున్నాయి!"

"దాని మీద నువ్వూ ఓ ఫిర్యాదు రాసుకో. కార్బన్ కావాలా?"

రోడెల్ మా ఇంటికొచ్చాక బాబాయికి చేతినిండా పని దొరికింది. రోడెల్‌ది ఫిలిప్పీన్స్. చేపల ఫ్యాక్టరీలో పని చెయ్యడానికొచ్చాడు. నేను స్కూలు బస్సు నడుపుతాను. ఫ్యాక్టరీ దగ్గర బస్సు మంచులో కూరుకుపోతే పాట పాడుతూ తవ్వి బయటికి తీశాడు. బస్సు బయటపడింది, నేను పడిపోయాను. అప్పటినుంచీ ఒకే ఇంట్లో ఉంటున్నాం.

అతనేం చేసినా పాడుతూనే చేస్తాడు. ఇంకేం, ఫిర్యాదు. బట్టల తీగ మీద చేపలు ఎండేశాడని ఫిర్యాదు. చేపల ఊళ్లో చేప వాసనేస్తోందని మొరపెట్టుకున్న మనిషి మా బాబాయి ఒక్కడే అయ్యుంటాడు. కవరు మీద ఎప్పుడూ ఒకటే వరస: "మిస్ వెర్నా టక్, మిస్టర్ రోడెల్ విల్లారూజ్, ఇద్దరూ ఒకే ఇల్లు." నేను చదివి, నవ్వుకుని, పొయ్యి రాజేసేదాన్ని. మంచి కాగితం, ఇట్టే అంటుకునేది.

ఇంతలో రోడెల్ పని పర్మిట్ గడువు ముంచుకొచ్చింది. అతను ఇక్కడ ఉండాలంటే భాగస్వామిగా నేను స్పాన్సరు చేసి శాశ్వత నివాసం తెప్పించాలి. పెళ్లి చేసేసుకోవచ్చుగా అంటారేమో. వాళ్లమ్మ పక్కన నిలబడితే తప్ప చేసుకోనని ఆవిడకి మాటిచ్చాడు. ఆవిడకేమో వీసా రెండుసార్లు తిరగ్గొట్టారు. పెళ్లి కాకపోయినా, ఏడాదిపాటు ఒకే కప్పు కింద కాపురం ఉన్నట్టు చూపిస్తే చాలన్నారు ఇమిగ్రేషన్ ఆఫీసువాళ్లు. సరేనని అర్జీ పెట్టాం.

మూడు నెలలకి జవాబొచ్చింది. రుజువులు చాలవట. ముప్పై రోజుల్లో అద్దె కాగితమో, ఇద్దరి పేరన కరెంటు బిల్లో, ఇద్దరి పేర్లతో వచ్చిన ఉత్తరాలో పంపాలి. లేదంటే రోడెల్ విమానం ఎక్కాలి.

మా ఊళ్లో అద్దె మాటే ఎవరూ ఎరగరు. ఇల్లు మా నానమ్మది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయినా కరెంటు బిల్లు ఆవిడ పేరు మీదే వస్తోంది. కట్టేవాళ్లు కడుతున్నప్పుడు ఎవరడిగారు గనక? ఫొటోలు వెతికితే మూడు దొరికాయి. మూడింట్లోనూ మా కంటే చేపే బాగా కనిపిస్తోంది.

"వెర్నా, ఇద్దరి పేర్లతో మనకి ఉత్తరాలు రాసేది ఎవరు?" అన్నాడు రోడెల్, పొయ్యి వంకే చూస్తూ.

నేనూ పొయ్యి వంక చూశాను. బాబాయి ఉత్తరాలన్నీ అందులోనే బూడిదయ్యాయి.

దారి దాటి వెళ్లి బాబాయి తలుపు తట్టాను. విషయమంతా చెప్పి నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

"నా ఉత్తరాలు ఏం చేశావ్?"

"అవి... అంటే... చలికాలం కదా బాబాయ్..."

"పొయ్యిలో పెట్టావ్. నాకు తెలుసు. ఉత్తరం అందిన రోజు మీ గొట్టంలోంచి పొగ ముందే లేస్తుంది. దాని మీదా రాశాను. నలభై రెండో నంబరు చూసుకో."

మంచం కిందినుంచి బిస్కెట్ల డబ్బా లాగి బల్ల మీద పెట్టాడు. యాభై ఎనిమిది కార్బన్ కాపీలు! ఒక్కోదానికి పోస్టాఫీసు రసీదు గుండుసూదితో గుచ్చి ఉంది. ప్రతి రసీదు మీదా మా ఇద్దరి పేర్లు, ఎఫీ కొట్టిన తేదీ ముద్ర. మొదటిది రోడెల్ మా ఇంట్లో అడుగుపెట్టిన మర్నాటిది.

ఒకటి తీసి చదివాను. "విషయం: వేడిమి వృథా. సదరు వెర్నా టీ కప్పుతో గుమ్మంలో నిలబడి, సదరు రోడెల్ మంచు తవ్వడం ముగించువరకు తొమ్మిది నిమిషాలు తలుపు తెరిచి ఉంచినది. కప్పు మాత్రం అతడికే ఇచ్చినది." ఇంకోటి: "విషయం: అనుమతి లేని సాయము. సదరు రోడెల్ నా గుమ్మం ముందు మంచు కూడా తీసివేసినాడు. ఇది పద్నాలుగోసారి."

చదువుతుంటే ఒక పక్క నవ్వు, ఒక పక్క కళ్లల్లో నీళ్లు.

"నీకెలా తెలుసు బాబాయ్, ఇవి కావాల్సొస్తాయని?"

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. ఆయన భార్య ఒడీల్‌ది ఎదురుగా కనిపించే సెయింట్ పియెర్ దీవి. ఆ దీవి ఫ్రాన్సు వాళ్లది. ఆవిడ పోయి ఆరేళ్లయింది.

"ఒడీల్‌ని తెచ్చుకుందామంటే ఆఫీసరు కాగితాలేవన్నాడు. నా దగ్గరేముంది, ఓ పడవా, రెండు చేతులూ. పదకొండు నెలలు ఈ గట్టునే కూర్చుని ఆ దీవి దీపాలు చూశాను. ఫిర్యాదులు రాయడం అప్పుడే మొదలెట్టా. ఆవిడ వచ్చింది గానీ చెయ్యి ఆగలేదు."

"అయితే మా గురించి నాలుగు మంచి మాటలే రాయొచ్చుగా!"

"పిచ్చిదానా! అయినవాళ్లు పొగిడితే ఎవడు నమ్ముతాడు? గిట్టనివాడు తిట్టాలి. అప్పుడు నమ్ముతారు."

డబ్బాని డబ్బాగానే ఆఫీసుకి పంపేశాం. ఆ తర్వాత రోడెల్‌కి బెంగ పట్టుకుంది, పాట ఆగిపోయింది. పదోరోజున యాభై తొమ్మిదో ఫిర్యాదు వచ్చింది. "విషయం: నిశ్శబ్దం. సాయంత్రం ఆరింటి పాట లేనందున నా బంగాళాదుంపలు ఎప్పుడు దించాలో తెలియక రెండుసార్లు మాడినవి." రోడెల్ అది చదివి చాలా రోజుల తర్వాత నవ్వాడు. పాట మాత్రం రాలేదు.

ఆరు వారాలకి ఆఫీసు నుంచి జవాబొచ్చింది. కవరు ఎఫీ చేతిలోనే పెట్టాను, తనే చింపి చదివింది. ఒప్పుకున్నారు! హమ్మయ్య! నేను పోస్టాఫీసు గచ్చు మీద చతికిలబడ్డాను. ఎఫీ నన్ను లేపబోయి తనూ కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం సరిగ్గా ఆరింటికి రోడెల్ గుమ్మంలో నిలబడి గొంతెత్తాడు. అరవై గడపల్లోనూ తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి కిటికీలో బాబాయి వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు.

మూడో రోజున ఎఫీ కబురంపింది, రిజిస్టర్డ్ పోస్టట. "విషయం: పాట. గాలి హోరు వలన రెండో చరణం సరిగా వినపడలేదు. మళ్లీ పాడవలసిందిగా కోరడమైనది. వాళ్లమ్మగారు వచ్చాక పెళ్లిలోనైనా సరే. గంట నేను సమయానికే కొడతాను."

ఈసారి మైలు దూరం ఇద్దరం కలిసే నడిచి వెళ్లాం, ఇద్దరం సంతకాలు పెట్టి తెచ్చుకున్నాం.